చెరిపేసిన ఎర్ర గీత

"కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి మీరేనా?"

క్యాంటీన్‌లో టీ కప్పు నోటిదాకా తెచ్చుకున్నవాడు అలాగే ఆగిపోయాడు. ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో పసుపు చీటీల కట్ట, ఇంకో చేతిలో తడి గొడుగు. గొడుగులోంచి నీళ్లు సరిగ్గా అతని బూటు మీదే కారుతున్నాయి. కావాలనే అలా పట్టుకుందేమో అని అతనికి వెంటనే అనుమానం వచ్చింది. అనుమానించడమే అతని ఉద్యోగం.

"ఎన్ని ఈకలు అందాయండీ?" అన్నాడు.

"నలభై ఒకటి."

"నలభై మూడు పంపాను. రెండు దారిలో పడిపోయినట్టున్నాయి. వెతుక్కోండి."

ఆమె నవ్వలేదు. నవ్వు వచ్చింది గానీ మింగేసింది. ఆ మింగడం అతను చూశాడు. కథ అక్కడ మొదలైంది. ఇలా మొదలైన కథలు ఎటు పోతాయో చదివేవాళ్లకు తెలియంది కాదు. ఇది కూడా అటే బయల్దేరింది. దారిలో ఒక మనిషి ప్రాణం పోయింది.

అది ఆసుపత్రి యంత్రాలకు చిప్పులు తయారు చేసే పరిశోధనశాల. ఆ ఏడాది చేస్తున్నది ఒక మందు పంపుకి మెదడు. ఆపరేషన్ అయిన రోగికి నొప్పి తెలియకుండా నరంలోకి చుక్క చుక్కగా మందు పంపే పెట్టె అన్నమాట. మందు తక్కువైతే రోగి అరుస్తాడు. ఎక్కువైతే అరవడు, ఊపిరి కూడా తీసుకోడు.

చిప్పు తయారై చేతికి రావడానికి నెలలు పడుతుంది. తప్పు ఉందని అప్పుడు తెలిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అందుకని దాన్ని ముందుగానే కంప్యూటర్లో ఉత్తుత్తిగా నడిపి చూస్తారు. ఫంక్షనల్ సిమ్యులేషన్ అంటారు దాన్ని. ఎంత వేగంగా చేస్తోంది, ఎంత వేడెక్కుతోంది అన్నవి అది పట్టించుకోదు. చెయ్యాల్సిన పని చేస్తోందా లేదా, అంతవరకే దాని చూపు.

అది తేలాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పంపు ఎలా పనిచెయ్యాలో డాక్టర్లు రాసిన పుస్తకం ఒకటి ఇద్దరికీ ఇస్తారు. ఒకరు చిప్పుకి ప్రోగ్రాం రాస్తారు. రెండోవారు అదే పుస్తకం చదివి, చిప్పు ఎలా ప్రవర్తించాలో చెప్పే ఇంకో ప్రోగ్రాం విడిగా రాస్తారు. దాన్ని మోడల్ అంటారు. రెండింటికీ ఒకే ప్రశ్నలు లక్షలకొద్దీ వేస్తారు. జవాబులు కలిసినంతసేపూ తెర ఖాళీగా ఉంటుంది. తేడా వచ్చిన చోట ఎర్ర గీత పడుతుంది.

విడిగా రాయడమే ఇందులో ప్రాణం. అందుకే చిప్పు రాసే ఆమెది ఒకటో గది, మోడల్ రాసే అతనిది మూడో గది. మధ్యలో రెండో గదిలో పెద్దాయన కూర్చునేవాడు. ఆ విభాగానికి ఆయనే అధిపతి, ఆయనే కాపలా. పుస్తకంలో ఏదైనా చెప్పకుండా వదిలేసి ఉంటే వీళ్లిద్దరూ ఒకరినొకరు అడగకూడదు. పసుపు చీటీ మీద రాసి పెద్దాయనకివ్వాలి. ఆయన డాక్టర్లను అడిగి ఇద్దరికీ ఒకే జవాబు పంపుతాడు. తప్పు దొరికినా అంతే, చీటీ రాసి ఆయనకే ఇవ్వాలి.

కొత్తగా చేరినవాళ్లకు పెద్దాయన ఒకటే మాట చెప్పేవాడు. "ఎర్ర గీత పడితే ఏడవకండి. రెండు బుర్రలు విడివిడిగా పనిచేస్తున్నాయని అర్థం. పని అక్కడి నుంచి మొదలవుతుంది. గీత పడనప్పుడు భయపడండి."

అందరూ తల ఊపేవాళ్లు. గీత పడని రోజున అందరూ స్వీట్లు పంచుకునేవాళ్లు.

అతన్ని అక్కడ అనుమానం అని పిలిచేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. ఇంటి తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ వచ్చి లాగి చూసే రకం. ఆమె పేరు తొందర. నెలరోజుల పని మూడు వారాల్లో చేసి, నాలుగో వారం అతని చీటీలు చదువుకుంటూ పళ్లు కొరుక్కునేది.

క్యాంటీన్ గొడవ తర్వాత చీటీల వెనక రాతలు మొదలయ్యాయి. ముందువైపు అతను "గొట్టంలో బుడగ వస్తే అలారం రెండుసార్లు మోగుతోంది" అని రాస్తే, సరిచేశాక ఆమె వెనకవైపు "ఒక్కసారికి మీకు వినపడదేమోనని" అని రాసి పంపేది. అన్నీ పెద్దాయన చేతుల మీదుగానే పోవాలి. ఒకరోజు ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ముందువైపు రాతలకే తను బాధ్యుణ్ణనీ, వెనకవైపు రాతలకు పోస్టాఫీసు వాడుకోవడం మర్యాదగా ఉంటుందనీ ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు.

పోస్టాఫీసులో అతని అక్క పనిచేస్తుంది. అమ్మా నాన్నా పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఉత్తరాలు సార్ట్ చేసే చేతులు కాబట్టి మనుషుల్ని కూడా చూడగానే ఏ అరలో వెయ్యాలో ఆవిడకి తెలిసిపోతుంది. తమ్ముడు రెండు వారాలుగా ఇంటి తాళం ఒక్కసారే లాగి చూస్తున్నాడని గమనించి, ఎవర్రా ఆ పిల్ల అని అడిగింది.

ఇద్దరిదీ ఒకే బస్సు. పరిశోధనశాల గేటు ముందే స్టాపు. రేకు కప్పు, ఒక సిమెంటు బెంచీ. అక్కడ మీరు అన్నది నువ్వు అయింది. ఏ రోజు మారిందో ఆమె చెప్పలేదు. అతను చెప్పగలడు, మంగళవారం.

ఆమె తండ్రి రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరయ్యాడట. ఒక స్టేషన్ నుంచి రైలు వదలాలంటే అవతలి స్టేషన్ మనిషి కూడా ఒప్పుకోవాలట, ఒక్కడి చేతిలో ఏదీ ఉండదట. చిన్నప్పుడు ఇంట్లో చాక్లెట్ తినాలన్నా నాన్నా అమ్మా ఇద్దరూ సరే అనాలని చెప్పి ఆమె నవ్వింది. అతనికి ఆ తండ్రి చూడకుండానే నచ్చాడు.

ఒక సాయంత్రం వాన దంచి కొట్టింది. రేకు మీద చప్పుడుకి పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడటం లేదు. దగ్గరగా జరగడానికి ఇద్దరికీ మంచి కారణం దొరికింది. అతని చొక్కా జేబులో సగం రాసిన పసుపు చీటీ ఉంది. ఆ మధ్యాహ్నమే ఒక ఎర్ర గీత పడింది. కరెంటు రెప్పపాటు పోయి వస్తే పంపు ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు. అతని మోడల్ అప్పటిదాకా ఎంత మందు వెళ్లిందో గుర్తుపెట్టుకుని, ఆగిన చోటి నుంచి సాగింది. ఆమె చిప్పు సున్నా నుంచి మొదలుపెట్టింది.

"ఒకటి అడగనా?" అన్నాడు.

"పెళ్లి గురించైతే ఆదివారం నాన్న ఇంట్లోనే ఉంటారు."

"పెళ్లి గురించి కాదు."

"అయితే అడక్కు," అని మొహం తిప్పేసుకుని, అంతలోనే అతని చెయ్యి పట్టుకుంది. మొదటిసారి. "సరే, అడుగు."

కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే చిప్పు ఏం చేస్తుందని అడిగాడు, ఏదో మాటవరసకి అడిగినట్టు. పని మాటలు గది దాటకూడదన్నది వాళ్ల గోడల మీద రాసి ఉన్న మాట. ఆమె వాన వైపే చూస్తూ చెప్పింది. బ్యాటరీ ఉండగా రెప్పపాటుకి పంపు ఆగదు, నిజంగా ఆగిందంటే నర్సు ఆపినట్టే, నర్సు మళ్లీ పెట్టిందంటే కొత్త డోసు అన్నట్టే, కాబట్టి సున్నా నుంచి. చెప్పి, నీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేం అంది.

నిజం చెప్పుకోవాలంటే ఆమె చెప్పింది సరైందా కాదా అని అతను ఆలోచించనే లేదు. ఆ గొంతులో ఏది విన్నా సరిగ్గానే వినపడే రోజులవి. పైగా అదే వారంలో తన చీటీల వల్ల ఆమె మూడుసార్లు రెండో గదిలో నిలబడింది. నాలుగోసారి నిలబెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మోడల్లో నాలుగు లైన్లు మార్చాడు. ఆమె చెప్పినట్టే. సిమ్యులేషన్ మళ్లీ నడిపాడు. ఎర్ర గీత పోయింది. జేబులోని చీటీ చింపి బుట్టలో వేశాడు. మార్చిన ప్రతి లైనూ, మార్చిన తేదీ, టైమూ కంప్యూటర్ దానంతటదే దాచుకుంటుంది. అవి ఎవరూ తీసి చూడరు. చూడాల్సినవాడు అతనే. కంచే చేను మేసింది.

ఏడు లక్షల ప్రశ్నలు, ఒక్క గీత లేదు. స్వీట్లు పంచారు. పెద్దాయన మాత్రం ఒక ముక్క చేతిలో పట్టుకుని, ఇంత శుభ్రంగా వచ్చిందేమిటని అడిగాడు. అతను నవ్వి ఊరుకున్నాడు.

చిప్పు తయారై వచ్చింది, పంపు తయారైంది, ఒక ఆసుపత్రిలో నలభై పంపులు ప్రయోగానికి పెట్టారు. రెండు నెలలు బాగా నడిచాయి. అక్క ఒక ఆదివారం చీర మార్చుకుని సిగ్నల్ నాన్న ఇంటికి వెళ్లింది. ఆయన తన వైపు నుంచి లైన్ క్లియర్ అన్నాడు. ముహూర్తం మాత్రం తొందర పెట్టొద్దని ఆయన అంటే, ఆ పేరు పెట్టుకున్న పిల్ల మీదే కదండీ అని అక్క నవ్విందట.

ఆ ఆదివారం మధ్యాహ్నమే గాలివాన వచ్చింది. ఆసుపత్రిలో కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వచ్చింది. బల్బులు ఒకసారి మిణుకుమన్నాయి, ఎవరూ తల కూడా ఎత్తలేదు. ఆరో మంచం మీద ఒక దర్జీ ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లు, గాల్‌బ్లాడర్ ఆపరేషన్, రెండు రోజుల్లో ఇంటికి పోవాల్సినవాడు. అతని పంపులో బ్యాటరీ అందుకోవడం కాస్త ఆలస్యమైంది. ఆ కాస్త ఎంతో ఫంక్షనల్ సిమ్యులేషన్ చూడదు. పంపు ఆగి, లేచి, అప్పటిదాకా ఇచ్చిన మందు మర్చిపోయి, మొత్తం డోసు మొదటి నుంచీ ఇచ్చింది. నర్సు వచ్చి చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. నాలుగో రోజున పోయాడు.

విచారణ కమిటీ వేసి ఇంజనీర్లిద్దర్నీ కూడా పిలిచారు. పంపు లోపల రాసిపెట్టుకున్న లెక్కలో ఆ మధ్యాహ్నం 'డోసు మొదలు' అని రెండుసార్లు ఉంది. అంటే ఎవరో రెండుసార్లు నొక్కారు. యంత్రమే తప్పు చేసి ఉండొచ్చు కదా అని ఒకాయన అడిగితే, ఇంకొకాయన సిమ్యులేషన్ రిపోర్టు తీసి చూపించాడు. ఇద్దరు ఇంజనీర్లు, ఒకరికొకరు సంబంధం లేకుండా, ఒకే పుస్తకం చదివి, ఈ సందర్భానికి ఒకే జవాబు రాశారు. ఏడు లక్షల ప్రశ్నల్లో ఒక్క తేడా లేదు. ఇక మిగిలింది నర్సే.

తొందర నాలుగు రోజులుగా నిద్రపోలేదు. అయినా ఆ మాట విన్నాక అతని వైపు చూసిన చూపులో ఒక ఆసరా ఉంది. నువ్వు చూశావు కదా అన్న చూపు. అతనికి తేలు కుట్టినట్టయింది. తేలు కుట్టిన దొంగ అరవలేడు.

మధ్యలో టీకి వదిలారు. నడవలో బల్ల మీద నర్సు ఒక్కతే కూర్చుని ఉంది. చిన్నదే, ఉద్యోగంలో చేరి మూడేళ్లు. అతను ఎవరో ఆమెకి తెలియదు, ఎవరో ఆఫీసు మనిషి అనుకుంది. కుడిచేతి చూపుడువేలుతో గాలిలో ఏదో నొక్కుతూ, తీస్తూ, మళ్లీ నొక్కుతూ ఉంది. అతను నీళ్లు కావాలా అని అడిగాడు.

"ఒకసారే నొక్కాననుకున్నానండీ," అంది. "మొదటి రోజు ఒట్టేసి చెప్పాను. కానీ యంత్రం అంత బాగా చూశారట కదా, ఇద్దరు చూశారట. నేనే రెండోసారి నొక్కి ఉంటాను. ఇప్పుడు నాకు నొక్కినట్టే గుర్తొస్తోంది."

అతను నీళ్ల గ్లాసు ఆమె పక్కన పెట్టాడు. చెయ్యని తప్పు ఆ పిల్లకి గుర్తొస్తోంది. చేసిన తప్పు తను మర్చిపోవడానికి చూస్తున్నాడు. ఇంకా దాస్తే తను మనిషి కాడని అతనికి ఆ నడవలోనే తెలిసింది.

సాయంత్రం బస్టాపులో తొందరకి చెప్పాడు. వాన లేదు. రేకు మీద ఏ చప్పుడూ లేదు. ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

"నాకు ఎర్ర గీత పడింది," అన్నాడు.

"ఎప్పుడు?"

"వాన రోజు. నా మోడల్ ఆగిన చోటి నుంచి సాగింది. నీ చిప్పు సున్నాకి పోయింది. చీటీ రాయబోయాను. రాయలేదు. మర్నాడు నాది మార్చేశాను."

"ఎందుకు మార్చావు?"

"నువ్వు చెప్పావు కదా. నిన్ను నమ్మాను."

ప్రేమకథల్లో ఈ మాటకి ఆడపిల్ల కళ్లు చెమర్చాలి. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నన్ను నమ్మమని నీకెవరు చెప్పారు?" అంది. గొంతు పెంచలేదు. "నేను తొందర మనిషినని నాకు తెలీదా? తప్పులు చేస్తానని తెలీదా? అవతల నువ్వున్నావనే కదా ధైర్యంగా రాశాను. నువ్వు ఒక్కొక్క చీటీ పంపుతుంటే పైకి తిట్టుకున్నాను గానీ, లోపల ఎంత నిశ్చింతగా ఉండేదాన్నో నీకు తెలుసా? ఆ అనుమానాన్నే కదా నేను ప్రేమించింది."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, రేపు చెప్తావా అని అడిగింది. చెప్తానన్నాడు. బస్సు వెళ్లిపోయింది.

మర్నాడు కమిటీ ముందు అతను కంప్యూటర్ దాచుకున్న పాత లైన్లు తెర మీద పెట్టాడు. తేదీ, టైము, పాత నాలుగు లైన్లు, కొత్త నాలుగు లైన్లు. తన మోడల్ మొదట చిప్పుతో కలవలేదనీ, కలిసేలా తనే మార్చాననీ, నర్సు ఒకసారే నొక్కిందనీ చెప్పాడు. గదిలో అందరూ ఒకేసారి మాట్లాడబోయి ఆగిపోయారు.

ఎవరి సలహాతో మార్చావని అడిగారు. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే, అన్నాడు.

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నేను చెప్పాను," అంది తొందర. "బస్టాపులో. చెయ్యి పట్టుకుని. ఇప్పుడు కూడా నన్ను కాపాడాలని అబద్ధమాడుతున్నాడు. మొదటిసారి చేసిన తప్పు ఇదే. దయచేసి రెండూ రాసుకోండి."

పెద్దాయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆ చీటీల వెనక రాతలు చదివి నవ్వుకున్నది తను. రెండు గదుల మధ్య గోడలా ఉండాల్సినవాడు తను. సాయంత్రానికల్లా రాజీనామా రాసిచ్చాడు. వీళ్లిద్దరినీ తీసేశారు. నలభై పంపులూ వెనక్కి తెప్పించారు. నర్సు మళ్లీ డ్యూటీకి వచ్చింది. ఒక నెలపాటు ఏ మీట నొక్కాలన్నా పక్కన ఇంకొకర్ని నిలబెట్టుకునేదట. దర్జీ తిరిగి రాలేదు.

పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. అక్క ఒక్కసారే నోరు విప్పింది. తప్పు చేశావని తెలిసి ఏడ్చాను, ఒప్పుకున్నావని తెలిసి అన్నం పెట్టాను, ఇంక ఆ సంగతి అడగను, అంది. అతను ఒక గోడౌన్‌లో సరుకు చూసుకునే పనిలో చేరాడు. అక్కడ అతన్ని అసలు పేరుతోనే పిలుస్తారు. మొదట్లో ఎవరినో అనుకుని పలికేవాడు కాదు. అక్కడ బుధవారం సెలవు.

ఏడు నెలలు గడిచాయి. ఒకరోజు అక్క పోస్టాఫీసు నుంచి వస్తూనే ఒక కవరు అతని ముందు పెట్టింది. స్టాంపు మీద ముద్ర తనే వేశానని, లోపల ఏముందో మాత్రం తనకి తెలియదని, తెలుసుకోవాలని లేదని చెప్పి, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది.

లోపల పసుపు చీటీ.

"ప్రశ్న: ఇంత జరిగాక మనిద్దరం కలిసి బతకగలమా? పుస్తకంలో లేదు. నన్ను అడక్కు. విడిగా ఆలోచించి, జవాబు రాసి తీసుకురా. నేనూ విడిగా రాస్తాను. ఆదివారం నాలుగింటికి, స్టాపులో."

వెనకవైపు తిప్పి చూశాడు. ఖాళీగా ఉంది.

ఆదివారం కాబట్టి గేటు మూసి ఉంది. స్టాపులో వేరే ఎవరూ లేరు. ఆమె ముందే వచ్చి బెంచీకి ఒక చివర కూర్చుంది. చిక్కిపోయింది. జుట్టు చిన్నగా కత్తిరించుకుంది. అతను రెండో చివర కూర్చున్నాడు. మధ్యలో పెద్దాయన పట్టేంత చోటు వదిలారు. బాగున్నావా అని ఎవరూ అడగలేదు.

ఇద్దరూ చీటీలు తీసి మధ్యలో బోర్లా పెట్టారు. ఆమె ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది. తిప్పారు.

అతనిది: "వద్దు. నిన్ను చూస్తే నాకు ఆ మనిషే గుర్తొస్తాడు."

ఆమెది: "ఉందాం. నాకు ఎవరిని చూసినా ఆ మనిషే గుర్తొస్తాడు."

ఆమె సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. చీటీలు రెండూ పక్కపక్కకు జరిపి, రెండింటి మీదుగా ఒక అడ్డగీత గీసింది.

"కలవలేదు," అంది.

"కలవలేదు," అన్నాడు. వెళ్లిపోవాలేమో అనుకుని లేచాడు.

"ఎక్కడికి? భయపడాల్సింది కలిసినప్పుడు. కూర్చో. నీది ముందు చెప్పు. వద్దని ఎందుకు రాశావు?"

అతను కూర్చున్నాడు. ప్రతి బుధవారం ఆ దర్జీ కొట్టుకి వెళ్తున్నానని చెప్పాడు. కొట్టుకి కాదు, ఎదురు పేవ్‌మెంటు దాకా. ఇప్పుడు భార్య మిషన్ తొక్కుతోంది. గుండీలు, జిప్పులు, చిన్న చిన్న పనులు. రోడ్డు దాటి వెళ్లి నేనే అని చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాడు. అరగంట నిలబడి వెనక్కి వచ్చేస్తాడు. ఆ రోడ్డు దాటలేనివాడికి పెళ్లి చేసుకునే హక్కు ఎక్కడుంది?

ఆమె చీటీ మూల మడుస్తూ విన్నది.

"నేను వెళ్లాను," అంది. "లోపలికి. మూడుసార్లు. మొదటిసారి నేనెవరో చెప్పగానే ఆవిడ బయటికి పొమ్మంది. రెండోసారి మాట్లాడలేదు. మూడోసారి కూర్చోమంది. ఒకటే అడిగింది. ఆయనకి నొప్పి తెలిసిందా అని. తెలియలేదని చెప్పాను. అది నిజమే కదా. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు ఏడ్చాం."

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడు నెలలుగా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆమె ఓదార్చలేదు, పక్కకు కూడా జరగలేదు. అయ్యేదాకా ఆగింది.

"ఇంకోటి కూడా అడిగింది," అంది తర్వాత. "బుధవారం బుధవారం ఎదురుగా ఒకతను నిలబడి పోతుంటాడు, లోపలికి రాడు, నీకేమైనా తెలుసా అని."

"ఏం చెప్పావు?"

"తెలుసన్నాను. అనుమానం మనిషండీ, రోడ్డుకి అటూ ఇటూ బాగా చూసుకుంటాడు, దాటడానికి టైం పడుతుంది అన్నాను."

అతని మొహం మీద తడి ఇంకా ఆరలేదు. అయినా పెదవి ఒక మూల కదిలింది. నవ్వు కాదు, నవ్వుకి దారి మాత్రం తెలిసినట్టుంది. అది మింగేసుకోవడం ఈసారి ఆమె చూసింది.

మలుపులో బస్సు కనపడింది. ఆ బస్సు దర్జీ కొట్టున్న వీధి మీదుగానే పోతుంది. ఆమె చీటీలు రెండూ, గీతతో సహా, సంచిలో పెట్టుకుంది.

"ఆదివారం తీసి ఉంటుందా?" అని అడిగాడు.

"ఆయన పోయినప్పటి నుంచి రోజూ తీస్తోంది."

బస్సు వచ్చి ఆగింది. ఎప్పుడూ తొందరగా లేచే ఆమె ఇంకా బెంచీ మీదే కూర్చుని అతని వైపు చూస్తోంది. అతను లేచాడు, చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు, ముందు మెట్టు మీద కాలు పెట్టి, ఆమె ఎక్కడానికి చెయ్యి చాచాడు.